పాలు చాలడం లేదన్న భయంలో ఉన్న బాలింతకు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆపరేషన్‌తో బాబు పుట్టి 19 రోజులు. తెనాలి దగ్గర పుట్టింట్లో ఉన్నారు. పుట్టినప్పుడు బాబు బరువు 2,900 గ్రాములు, ఐదో రోజు ఇంటికి వచ్చేటప్పుడు 2,700, నిన్న తూకం వేయిస్తే 3,050. గంటన్నరకోసారి లేస్తున్నాడు, సాయంత్రం అయితే రొమ్ము వదలడం లేదు. పంపుతో తీస్తే 30 మిల్లీలీటర్లు కూడా రావడం లేదు. "నీకు పాలు పడలేదు, పిల్లాణ్ణి పస్తు పెట్టకు" అని అమ్మ, అత్తగారు ఇద్దరూ అంటున్నారు. ఆసుపత్రిలో మొదలుపెట్టిన డబ్బా పాలు రోజుకి రెండుసార్లు, 60 మిల్లీలీటర్ల చొప్పున సీసాతో పడుతున్నారు. నాలుగు నెలలు నిండాక హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్లాలి, ఎలాగూ మాన్పించాల్సిందే కదా, ఇప్పుడే పూర్తిగా డబ్బాకి మార్చేస్తే తప్పా అని అడిగారు.

ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో 24 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. "నాకు పాలు పడలేదు సిస్టర్" అన్న మాట ప్రతిరోజూ వింటాను. అలా అన్నవాళ్లలో చాలామందికి పాలు ఉంటాయి. లేనిది ధైర్యం, పక్కన కూర్చుని చూపించే మనిషి. మీ సంగతీ అదే అనిపిస్తోంది. ఎందుకో చెబుతాను.

ముందు మీరిచ్చిన బరువులే చూద్దాం. పుట్టిన మొదటి కొద్దిరోజుల్లో ప్రతి బిడ్డా కొంచెం బరువు తగ్గుతుంది. మీ బాబు 200 గ్రాములు తగ్గాడు, అది మామూలే. అక్కడి నుంచి 13 రోజుల్లో 350 గ్రాములు పెరిగాడు. అంటే రోజుకి 27 గ్రాములు. ఈ వయసులో రోజుకి 25 నుంచి 30 గ్రాములు పెరిగితే మేము సంతోషిస్తాం. డబ్బా పాల వల్లే పెరిగాడేమో అని మీకు అనుమానం రావచ్చు. మూడు కిలోల బిడ్డకి రోజు మొత్తానికి సుమారు 450 మిల్లీలీటర్ల పాలు కావాలి. డబ్బా నుంచి వెళ్లేది 120. మిగతా 330 ఎక్కడి నుంచి వస్తున్నాయమ్మా? మీ దగ్గర నుంచే. బాబు తాగే పాలలో దాదాపు ముప్పావు వంతు మీవే. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి మీ అమ్మగారికి, అత్తగారికి చూపించండి.

పంపులో వచ్చినవి చూసి పాలు కొలుచుకోకండి. పోలిక మొరటుగా అనిపించినా చెబుతాను, పాడి ఉన్న ఇళ్లలో అందరికీ తెలిసిన విషయమే. దూడని వదిలితేగాని గేదె చేపదు. కొత్త మనిషి వచ్చి కూర్చున్నా, బెదిరినా ఎగచేపుతుంది. పొదుగులో పాలు లేక కాదు, కిందికి దిగక. మనుషుల్లోనూ ఆ చేపు తెప్పించేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. బిడ్డ ఏడుపు విన్నా, బిడ్డ తల వాసన చూసినా అది ఊరుతుంది. టెన్షన్ పడితే, నొప్పి ఉంటే, నలుగురూ చుట్టూ నిలబడి "వచ్చాయా, వచ్చాయా" అని అడుగుతుంటే ఆగిపోతుంది. మీరు ఏడుస్తూ పంపు పెట్టుకున్నానని రాశారు. అలాంటప్పుడు 30 వచ్చాయంటేనే ఎక్కువ.

ఇక గంటన్నరకోసారి లేవడం గురించి. ఇంత చిన్న బిడ్డ రాత్రీ పగలూ కలిపి 8 నుంచి 12 సార్లు తాగుతాడు. తల్లిపాలు త్వరగా అరుగుతాయి, అందుకే త్వరగా ఆకలేస్తుంది. సాయంత్రం పూట రెండు మూడు గంటలు వరసగా రొమ్ము పట్టుకుని ఉండటం ఈ వయసులో చాలామంది పిల్లలు చేసేదే. అలా పీకి పీకి రేపటి పాలకి ఇవాళే కబురు పెడుతున్నాడు. మన పెద్దవాళ్లు దాన్ని ఆకలి అనుకుని సీసా ఇస్తారు, బిడ్డ తాగి మత్తుగా పడుకుంటాడు, "చూశావా, కడుపు నిండింది" అంటారు. రొమ్ముకి వెళ్లాల్సిన కబురు అక్కడితో ఆగిపోతుంది. చెలమలో తోడేకొద్దీ నీళ్లు ఊరతాయి, తోడటం మానేస్తే అడుగంటుతుంది. పాలూ అంతే.

బిడ్డకి చాలుతున్నాయో లేదో ఏడుపు చూసి తేల్చకండి, తడి గుడ్డలు లెక్కపెట్టండి. ఐదారు రోజులు దాటిన బిడ్డ 24 గంటల్లో ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ ఒంటేలు పోస్తుంటే, అది పసుపు మరకలు లేకుండా తేటగా ఉంటే, పాలు అందుతున్నాయి. రెండు రోజులు డైపర్ మానేసి మెత్తటి నూలు గుడ్డలు కట్టండి. డైపర్‌లో ఎన్నిసార్లు పోశాడో తెలియదు.

ఇప్పుడు అసలు పని. చనుమొన పగిలి మంట పుడుతోందని చివర్లో ఒక్క వాక్యం రాశారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. బిడ్డ సరిగ్గా పట్టుకోవడం లేదు. మొన ఒక్కటే నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. అలా పడితే మీకు నొప్పి, వాడికి పాలు రావు, ఎంతసేపు ఉన్నా కడుపు నిండదు. గంటన్నరకోసారి లేవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

ఇలా చేసి చూడండి. వీపుకి దిండు పెట్టుకుని నిటారుగా, హాయిగా కూర్చోండి. మీరు బిడ్డ మీదకి వంగకండి, బిడ్డని మీ దగ్గరికి తెచ్చుకోండి. వాడి పొట్ట మీ ఒంటికి ఆనాలి. చెవి, భుజం, తుంటి ఒకే గీతలో ఉండాలి, మెడ తిప్పి తాగకూడదు. చనుమొనని నోటికి కాదు, ముక్కుకి ఎదురుగా పెట్టండి. దాంతో పై పెదవిని తాకించి ఆగండి. తొందరపడకండి. కొన్ని క్షణాలకి ఆవులించినంత పెద్దగా నోరు తెరుస్తాడు. ఆ క్షణంలో వీపు మీద చెయ్యి వేసి గబుక్కున దగ్గరికి తీసుకోండి. ముందు గడ్డం రొమ్ముకి తగలాలి. కింది పెదవి బయటికి మడిచి ఉండాలి. మొన చుట్టూ ఉండే నల్లటి భాగం పైన కాస్త కనిపించినా, కింద దాదాపు కనిపించకూడదు. మొదట గబగబా చప్పరిస్తాడు, కాసేపటికి చేపు వచ్చాక చప్పరింపు నెమ్మదిస్తుంది, చెవి పెట్టి వింటే గుటక వినిపిస్తుంది. ఆ గుటక విన్న తల్లి ముఖం ఎలా మారుతుందో నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. అరనిమిషం దాటినా నొప్పి తగ్గకపోతే పట్టు కుదరనట్టే. చిటికెన వేలు నోటి మూలన పెట్టి విడిపించి, మళ్లీ మొదలుపెట్టండి. ఒక రొమ్ము వాడంతట వాడు వదిలేదాకా ఇచ్చి, తరవాత రెండోది ఇవ్వండి. పగిలిన చోట చివర్లో వచ్చే మీ పాలే రెండు చుక్కలు రాసి ఆరనివ్వండి.

ఆపరేషన్ కుట్ల మీద బరువు పడుతోందంటే బిడ్డని చంక కింద, కాళ్లు మీ వీపు వైపు ఉండేలా పెట్టుకోవచ్చు. పక్కకి తిరిగి పడుకుని కూడా ఇవ్వొచ్చు. రాత్రిపూట పాలివ్వడం మాత్రం మానకండి. పాలు ఊరించే ప్రోలాక్టిన్ రాత్రిళ్లే ఎక్కువగా ఉంటుంది.

డబ్బా పాలు ఒక్కసారిగా ఆపేయమని నేను చెప్పను. ముందు పట్టు కుదరాలి. మూడు రోజులు అది చేశాక, పగటి డబ్బాని 60 నుంచి 30కి తగ్గించి, దాని బదులు ఇంకోసారి రొమ్ము పట్టండి. తడి గుడ్డలు ఆరుకి తగ్గలేదంటే ఆ డబ్బా మానేయండి. వారానికి బరువు చూసుకుని రెండోదాని సంగతి ఆలోచించాలి. ఇదంతా పిల్లల డాక్టరుకి చెప్పి, ఆయన చూస్తుండగానే చేయండి. అంతవరకు పట్టాల్సిన పాలు సీసాతో వద్దు. మీ ఇంట్లో ఉగ్గుగిన్నె ఉందా? మా అమ్మమ్మ ఇంట్లో వెండిది ఉండేది, ముందుకి సన్నటి ముక్కుతో. మా వార్డులో స్టీలువి వాడతాం, పాలాడ అంటాం. మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి తీసి, బిడ్డని కాస్త కూర్చోబెట్టినట్టు పట్టుకుని, ముక్కుని పెదవుల మూలన ఆనించి కొద్దికొద్దిగా వంచితే వాడే గుటకేస్తాడు. పొయ్యడం కాదు, వాడు మింగాక మళ్లీ వంచడం. సీసా పీక అలవాటైన బిడ్డ రొమ్ము దగ్గర విసుక్కుంటాడు, ఉగ్గుగిన్నెతో ఆ చిక్కు తక్కువ. కడగడమూ తేలిక.

నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నా పెద్ద కూతురు పుట్టేనాటికి నేను నర్సింగ్ చదువు పూర్తిచేసి ఉన్నాను. పుస్తకంలో అన్నీ చదివాను. అయినా పదకొండో రోజు రాత్రి పాప ఏడుపు ఆపకపోతే, ఇంట్లో అందరూ తలా ఒక మాట అంటుంటే, డబ్బా తెప్పించాను. పురుడు పోసుకున్న నర్సింగ్ హోమ్ వాళ్లు ఇంటికి పంపేటప్పుడు ఏ డబ్బా కొనాలో చీటీ రాసి ఇచ్చారు, అదే తెచ్చారు. రెండు నెలలకి నా పాలు పూర్తిగా ఎండిపోయాయి. పాప బాగానే పెరిగింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. కానీ ఆ రాత్రి ఒక్క మనిషి నా పక్కన కూర్చుని "నీ దగ్గర పాలున్నాయి, ఇలా పట్టుకో" అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఈ పని మీద నాకింత పట్టుదల అప్పుడే వచ్చింది.

మీ ఆసుపత్రిలో పుట్టిన రోజే డబ్బా మొదలుపెట్టారన్నారు. అవసరం ఉండి డాక్టరు రాస్తే అది వైద్యం. ఊరికే అలవాటుగా ఇచ్చి ఉంటే తప్పే. మన దేశంలో 1992లోనే దీనికో చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. దాని ప్రకారం డబ్బా పాలకి ప్రకటనలు వెయ్యకూడదు, తల్లులకి శాంపిల్ డబ్బాలు ఇవ్వకూడదు, డబ్బా మీద పసిపిల్లల బొమ్మ ఉండకూడదు, అమ్మకాల కోసం ఆసుపత్రి సిబ్బందికి కానుకలు ఇవ్వకూడదు. ఈ చట్టం కింద ఫిర్యాదు చేసే అధికారం తల్లిపాలని ప్రోత్సహించే బీపీఎన్ఐ అనే జాతీయ సంస్థకి ఉంది. దాన్ని 1991లో వార్ధాలో పెట్టారు. అలాంటిదేమైనా జరిగితే వాళ్లకి రాయొచ్చు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక విషయం నన్ను బాధపెడుతుంది. దేశంలో నూటికి దాదాపు 89 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి, కానీ పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 42 మందే. తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. తల్లి మత్తులో ఉంది, నొప్పిగా ఉంది అని బిడ్డని వేరే గదిలో పెడతారు, ఈలోపు ముర్రుపాల సమయం గడిచిపోతుంది. వెన్నులో మత్తు ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. ఒక నర్సు పక్కన నిలబడి బిడ్డని పట్టుకుంటే ఆ గంటలోనే పాలివ్వొచ్చు. మేము ఇస్తున్నాం. మీకు అది దక్కలేదు, అందులో మీ తప్పేమీ లేదు. ఆపరేషన్ అయినవాళ్లకి పాలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పడటం కూడా మామూలే.

ఇంత తిప్పలు ఎందుకు, డబ్బాతో పెరగడం లేదా అంటారు. పెరుగుతారు. కానీ తల్లిపాలలో ఉన్నది ఆహారం ఒక్కటే కాదు. మీకు జలుబు చేస్తే, దాన్ని ఎదుర్కోడానికి మీ ఒంట్లో తయారైన రక్షణ పదార్థాలు మీ పాల ద్వారా బాబుకి చేరతాయి. ఏ డబ్బాలోనూ అది ఉండదు. మా పిల్లల వార్డులో విరేచనాలతో, నిమోనియాతో చేరే పసివాళ్లలో పోతపాల పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు. డబ్బా పాలు కలిపే నీళ్లు, సీసా, పీక, మూత, ఒక్కటి సరిగ్గా మరగకపోయినా చాలు. మీకూ మేలే. బిడ్డ తాగుతున్నప్పుడు గర్భసంచి ముడుచుకుంటుంది, రక్తస్రావం తగ్గుతుంది. ఒక తల్లి తన జీవితంలో పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకీ రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 4 శాతం తగ్గుతుందని పెద్ద పరిశోధనలు చెప్పాయి. అండాశయ క్యాన్సర్, షుగర్ వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది. అందుకే ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, ఆ తరవాత మెత్తటి అన్నం, పప్పులతో పాటు రెండేళ్లూ ఆపైనా ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

తల్లిపాలు మాత్రమే అంటే నీళ్లు కూడా వద్దని అర్థం. ఎండాకాలం, నోరెండిపోతుంది అంటారు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే. దాహం వేస్తే ఇంకోసారి పట్టండి. తేనె నాకించడం, వస కొమ్ము అరగదీసి పెట్టడం, గ్రైప్ వాటర్, ఇవేవీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా ముట్టించకూడదు, దానివల్ల అరుదుగానైనా ప్రాణం మీదికి వచ్చే జబ్బు వస్తుంది. డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు వెయ్యొచ్చు.

మీ పథ్యం విషయానికి వస్తే, బాలింతకి నీళ్లు తగ్గించడం, కూరలు మాన్పించి కారప్పొడి అన్నం మాత్రమే పెట్టడం నాకు అసలు నచ్చని పద్ధతి. దాహం వేసినప్పుడల్లా తాగండి. పప్పు, గుడ్డు, ఆకుకూరలు, పాలు, పెరుగు, పళ్లు అన్నీ తినండి. మన వైపు బాలింతలకి చేసే తెలగపిండి మునగాకు కూర, సొరపుట్టు, వెల్లుల్లి, అన్నీ మంచివే, ఒంటికి బలం. మీ అమ్మగారు ప్రేమగా చేసి పెడితే కాదనకండి. కానీ పాలు ఊరేది కూరతో కాదు, బిడ్డ పీకితే. ఐరన్, కాల్షియం మాత్రలు ఆరు నెలలు ఆపకుండా వేసుకోండి.

పక్కన మనిషి కావాలని చెప్పాను కదా, ఆ మనిషి ఎక్కడ దొరుకుతారో చెబుతాను. ముందు మీ ఊరి ఆశా కార్యకర్త. పసిబిడ్డ ఉన్న ఇంటికి 42 రోజుల వరకు నిర్ణయించిన రోజుల్లో వెళ్లి, బిడ్డ బరువు చూసి, పాలు ఎలా తాగుతున్నాడో చూడటం ఆమె డ్యూటీలో భాగం. మీరు పుట్టింట్లో ఉండటం వల్ల ఆమెకి తెలియకపోయి ఉండొచ్చు, కబురు పెట్టండి. ఏఎన్ఎం దగ్గరికి టీకాల రోజున వెళ్లి తూకం వేయించుకోండి, ఎప్పుడూ ఒకే తూకం మీద. పట్టు కుదరకపోతే జిల్లా ఆసుపత్రి ప్రసూతి వార్డుకి వెళ్లి, "పాలివ్వడం చూపించాలి" అని అడగండి. 2016లో కేంద్రం 'మా' అనే తల్లిపాల కార్యక్రమం పెట్టి మాలాంటి నర్సులకి ఇందులో శిక్షణ ఇస్తోంది. ఒకసారి మీ ఎదురుగా బిడ్డని పట్టించి చూస్తే, ఎంత రాసినా తెలియనిది పది నిమిషాల్లో తెలుస్తుంది.

ఇంట్లో వాళ్లూ కావాలి. మీ అమ్మగారితో గొడవ పెట్టుకోకండి. ఆవిడ భయం బిడ్డ మీద ప్రేమే. "అమ్మా, పాలివ్వడం నేను చూసుకుంటాను. తేన్పు తెప్పించడం, స్నానం, గుడ్డలు మార్చడం నువ్వు చూడు" అని పని చేతికి ఇవ్వండి. మీ ఆయన వచ్చినప్పుడు రాత్రి ఒంటిగంటకి బిడ్డని మీ దగ్గరికి తెచ్చి, మీకో గ్లాసు నీళ్లు ఇచ్చి, తాగాక భుజాన వేసుకోమనండి.

రోజూ ఏడుపు వస్తోందని రాశారు. మొదటి రెండు వారాల్లో అది చాలామందికి ఉంటుంది. ఇంకా తగ్గకపోతే, నిద్ర పట్టే వీలున్నా పట్టకపోతే, బిడ్డ మీద ఏ భావమూ లేనట్టు అనిపిస్తే దాచుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. డాక్టరుకీ చెప్పండి. దానికి మందులున్నాయి, పాలిస్తూ వాడదగినవీ ఉన్నాయి.

ఉద్యోగం కోసం మాన్పించక్కర్లేదు. 26 వారాల సెలవులో ఎనిమిది కాన్పుకి ముందే వాడుకున్నట్టున్నారు, అందుకే నాలుగు నెలలే మిగిలాయి. బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండుసార్లు పాలివ్వడానికి విరామం చట్టంలోనే ఉంది. 50 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) పెట్టాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. 2017 సవరణతో వచ్చిందిది. ఇప్పుడే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. వెళ్లడానికి రెండు వారాల ముందు నుంచి రోజూ పొద్దున ఒకసారి పాలు తీసి అలవాటు చేసుకోండి, అప్పటికి పంపులో ఇప్పటికన్నా ఎక్కువ రావడం మీరే చూస్తారు. తీసిన పాలు మన వాతావరణంలో బయట నాలుగు గంటలకి మించి ఉంచొద్దు, ఫ్రిజ్ లోపలి అరలో పెట్టి 24 గంటల్లో వాడేయండి. గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో ఉంచి వేడి తగలనివ్వాలి, పొయ్యి మీద పెట్టకూడదు. పొద్దున, సాయంత్రం, రాత్రి మీరే ఇస్తారు కాబట్టి పగలు రెండు మూడు సార్లకి సరిపడా ఉంటే చాలు.

నిజంగానే పాలు తక్కువపడే తల్లులూ ఉన్నారు. థైరాయిడ్, కాన్పులో బాగా రక్తం పోవడం, రొమ్ముకి ఇదివరకే ఆపరేషన్, ఇలాంటి కారణాలు ఉంటాయి. అన్నీ చేసినా బరువు పెరగకపోతే డబ్బా పాలు పట్టాల్సిందే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎన్ని పాలు వస్తే అన్నే ఇవ్వండి, అవీ మేలు చేస్తాయి.

కొన్నిటికి మాత్రం ఎవరి సలహా కోసమూ ఆగకండి. బాబు తాగడానికి లేవకుండా మగతగా ఉన్నా, ఒంటేలు బాగా తగ్గినా, కళ్లు, అరికాళ్లు పచ్చబడినా, ఒళ్లు కాలుతున్నా లేదా చల్లబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీకు రొమ్ము ఎర్రబడి గట్టిగా గడ్డకట్టి, చలిజ్వరం వస్తే ఆ రోజే డాక్టరుకి చూపించండి. ఆ రొమ్ముతో పాలివ్వడం ఆపక్కర్లేదు, గట్టిగా మర్దనా చెయ్యొద్దు.

ఇవాళ రాత్రి నుంచి పట్టు సరిచేయడం ఒక్కటే పెట్టుకోండి. డబ్బా సంగతి మూడు రోజుల తరవాత. రేపు, ఎల్లుండి తడి గుడ్డలు ఎన్నయ్యాయో లెక్కపెట్టి రాయండి, వచ్చే వారం బరువు కూడా రాయండి. చూసి రెండో డబ్బా ఎప్పుడు తగ్గించాలో చెబుతాను.